మొక్కే దేవుడు, చూసే బొమ్మ

పూజ కోసం చేసిన వస్తువును తీసుకెళ్లి ప్రదర్శనశాలలో పెడితే అందులోని దైవత్వం ఏమవుతుందన్నది మతానికీ, కళాతత్త్వానికీ ఉమ్మడిగా ఉన్న ప్రశ్న. వస్తువు గుడిలో ఉన్నంతకాలం ఈ ప్రశ్న పుట్టదు. దాన్ని ఒకరు ఎంచి, పెట్టెలో సర్ది, సముద్రం దాటించి, పరాయి దేశంలో తెల్లటి గోడ ముందు నిలబెట్టినప్పుడు పుడుతుంది. ఆ ఎంచే మనిషి క్యురేటర్. ఒకప్పుడు క్యురేటర్ అంటే మ్యూజియం సంపదను కాపాడుతూ జాబితాలు రాసే పండితుడు. 1960ల చివరి నుంచి ఆ పని తీరు మారింది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగర కళాప్రదర్శనశాల కున్‌స్ట్‌హాలెను నడిపిన హెరాల్డ్ జేమాన్ 1969లో ఆ కొలువు వదిలి, ఏ సంస్థకూ కట్టుబడకుండా ప్రదర్శనలు కూర్చడమే వృత్తిగా చేసుకున్నాడు. అప్పటి నుంచి దేశదేశాలు తిరిగి కళాకారులను వెతికి, వారి పనులను ఒకచోట చేర్చి, ఆ కూర్పు ద్వారా తన వాదం వినిపించేవాడిగా క్యురేటర్ నిలబడ్డాడు. ఆ వాదంలోకి దేవుళ్లు, పూజారులు, క్రతువులు వచ్చినప్పుడు అతని అధికారానికి హద్దు ఎక్కడ అని అడగక తప్పలేదు. ఫ్రెంచి క్యురేటర్ జీన్ హ్యూబర్ట్ మార్టిన్ వృత్తిజీవితంలో ఈ ప్రశ్న దాదాపు అన్ని రూపాల్లోనూ ఎదురవుతుంది.

ప్రశ్న మాత్రం ఆయనకంటే చాలా పాతది. ఫ్రెంచి విప్లవకాలంలో, 1793లో, లూవ్ర్ రాజభవనం ప్రజల మ్యూజియంగా తెరుచుకుంది. చర్చిల నుంచి స్వాధీనం చేసుకున్న చిత్రాలు, శిల్పాలు జాతి సొత్తుగా గోడలకెక్కాయి. ఆ తరం యూరప్ వాసులు తమ కళ్లముందే మేరీమాతను పూజాపీఠం నుంచి దించి గ్యాలరీలో పెట్టడం చూశారు. 1820లలో బెర్లిన్‌లో కళాతత్త్వం మీద ఉపన్యాసాలు ఇచ్చిన హెగెల్ ఈ అనుభవానికి తాత్త్విక రూపం ఇచ్చాడు. గ్రీకు దేవతల విగ్రహాలు ఎంత మహత్తుగా తోచినా, క్రీస్తు, మేరీల చిత్రాలు ఎంత పరిపూర్ణంగా ఉన్నా, వాటి ముందు మోకరిల్లే కాలం గడిచిపోయిందని ఆయన తీర్పు. ఇందులో నింద లేదు, వేదన కూడా పెద్దగా లేదు. మానవచైతన్యం కళను దాటి ఆలోచన దగ్గరికి చేరిందని, ఇక కళ భక్తికి కాక పరిశీలనకు విషయమవుతుందని ఆయన నమ్మాడు. సుమారు వందేళ్ల తర్వాత, 1930లలో, వాల్టర్ బెన్యమిన్ ఇదే మార్పును మరో విధంగా చెప్పాడు. కళాఖండానికి పూజావిలువ ఒకటి, ప్రదర్శనవిలువ ఒకటి ఉంటాయి. రెండోది పెరిగే కొద్దీ మొదటిది వెనక్కు తగ్గుతుంది. గర్భగుడిలో పూజారికి మాత్రమే కనిపించే మూర్తులు, దాదాపు ఏడాది పొడవునా తెర చాటున ఉండే మేరీమాత ప్రతిమలు ఆయన ఇచ్చిన ఉదాహరణలు. దైవానికి కనిపించడమే కాదు, కనిపించకపోవడం కూడా ఒక లక్షణమని ఆయన గుర్తించిన తీరు చాలా విలువైనది. తర్వాతి వివాదాలన్నీ ఎక్కడో ఒకచోట ఈ మాట దగ్గరికే వస్తాయి.

హెగెల్ తీర్పును లోపలి నుంచి ప్రశ్నించిన తొలి పెద్ద క్యురేటర్ దక్షిణాసియా మనిషి కావడం గమనించదగ్గది. 1877లో కొలంబోలో తమిళ తండ్రికి, ఆంగ్లేయ తల్లికి పుట్టిన ఆనంద కుమారస్వామి మొదట భూగర్భ శాస్త్రవేత్త. సింహళంలో ఖనిజ సర్వే కోసం ఊళ్లు తిరుగుతూ అక్కడి చేతిపనుల వారిని చూసి కళాచరిత్ర వైపు మళ్లాడు. 1917లో అమెరికాలోని బోస్టన్ లలితకళల మ్యూజియంలో భారతీయ కళా విభాగం బాధ్యత తీసుకుని, 1947లో చనిపోయే దాకా అక్కడే పనిచేశాడు. ముప్పై ఏళ్లు మ్యూజియంలో గడిపిన ఈయన మ్యూజియం పట్ల ఎన్నడూ పూర్తిగా సమాధానపడలేదు. మ్యూజియంలో ఉన్నవేవీ మ్యూజియం కోసం చేసినవి కావని, ఒక ప్రయోజనం కోసం చేసినవని ఆయన వాదం. ధ్యానానికి చేసిన బుద్ధమూర్తిని, అది ఏ ధ్యానానికి ఆలంబనమో తెలియకుండా కేవలం అందం కోసం చూడటం ఆయన దృష్టిలో సగం చూపు కూడా కాదు. పాత వస్తువులు పాడైపోతాయి కాబట్టి వాటిని కాపాడటానికి మ్యూజియం కావాలి. జీవించి ఉన్న కళాకారుల పనులకు ఆ అవసరం లేదు. ఈ లెక్కన సమకాలీన కళ క్యురేటర్ అనే వృత్తికే చోటు లేదు. అంత కఠినమైన నిర్ణయం నిలవలేదు కానీ, చూసేవాడికి వస్తువు అర్థాన్ని తిరిగి ఇవ్వడమే క్యురేటర్ ధర్మమన్న ఆయన పట్టు ఇప్పటికీ ఈ వృత్తికి మనస్సాక్షి లాంటిది. తెలుగు నేలకు దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. అమరావతి స్తూపం చుట్టూ ప్రదక్షిణ చేసే భక్తుల కోసం చెక్కిన సున్నపురాతి ఫలకాలను 1840లలో వాల్టర్ ఎలియట్ మద్రాసుకు చేర్పించాడు. 1859లో వాటిలో చాలా భాగం లండన్‌కు ఓడెక్కింది. 1880 నుంచి అవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఇప్పుడు ఆ శిల్పాల ముందు నడిచేవారు నడుస్తారు. ఏ ధాతువు చుట్టూ తిరగడానికి అవి పుట్టాయో ఆ ధాతుగర్భం మాత్రం అక్కడ లేదు.

1984లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఒక పెద్ద ప్రదర్శన పెట్టింది. పికాసో వంటి యూరోపియన్ ఆధునికుల పనుల పక్కన ఆఫ్రికా, ఓషియానియా, ఉత్తర అమెరికా ఆదివాసుల ముసుగులు, విగ్రహాలు ఉంచి, రూపాల్లోని పోలికలు చూపడం దాని ఉద్దేశం. పికాసో పేరు ఉంది, సంవత్సరం ఉంది. ముసుగు చేసినవాడికి పేరు లేదు, కాలం లేదు, అది ఏ క్రతువులో ఏం చేసేదో చెప్పే మాట కూడా దాదాపు లేదు. ఈ ప్రదర్శనకు సంబంధించి జరిగిన ఒక సంగతి చిన్నదే అయినా లోతైనది. అమెరికా నైరుతి ప్రాంతపు జూనీ జాతి వారికి అహాయూద అనే కొయ్య యుద్ధదేవతలు ఉన్నారు. వాటిని ఆరుబయట క్షేత్రాల్లో ప్రతిష్ఠిస్తారు. ఎండకు, వానకు, గాలికి అవి క్రమంగా శిథిలమై మట్టిలో కలవాలి. ఆ శిథిలం కావడంలోనే వాటి శక్తి లోకానికి అందుతుందని జూనీల నమ్మకం. అలాంటి ఒక మూర్తి ఆ ప్రదర్శనకు రావలసి ఉండగా, బహిరంగంగా చూపడం అపచారమని జూనీలు భావిస్తారని తెలిసి రాకుండా ఆగింది. మ్యూజియం వృత్తికి ఇది మూలం మీదే ప్రశ్న. వస్తువును కాపాడటమే పుణ్యమని నమ్మే సంస్థకు, కాపాడటమే పాపమయ్యే దేవుడు ఎదురుపడ్డాడు. 1978 నుంచి జూనీలు తమ మూర్తుల కోసం మ్యూజియంలను అడుగుతూ వచ్చారు. తిరిగి వచ్చిన పదుల కొద్దీ మూర్తులను మళ్లీ ఆరుబయట క్షేత్రంలో పెట్టి, దొంగల బారిన పడకుండా చుట్టూ రక్షణ ఏర్పాటు చేసి, ప్రకృతికి వదిలేశారు.

మార్టిన్ ఈ నేపథ్యంలోనే తన ప్రధాన ప్రయత్నం చేశాడు. 1944లో స్ట్రాస్‌బర్గ్‌లో పుట్టిన ఆయన 1970లలో పారిస్ జాతీయ ఆధునిక కళా మ్యూజియంలో క్యురేటర్‌గా పనిచేసి, 1982 నుంచి 1985 వరకు, ఒకప్పుడు జేమాన్ నడిపిన బెర్న్ కున్‌స్ట్‌హాలెకే డైరెక్టర్‌గా ఉన్నాడు. 1987లో పాంపిడూ సెంటర్‌లోని ఆధునిక కళా మ్యూజియానికి అధిపతి అయ్యాడు. 1989 మే 18న మొదలై ఆగస్టు 14 వరకు పాంపిడూ సెంటర్‌లోనూ, లా విలెత్ పెద్ద హాలులోనూ జరిగిన 'మాజిసియాఁ ద లా తేర్', అంటే 'భూమి మాంత్రికులు', ఆయన పేరును ప్రపంచానికి తెలిపింది. వందమందికి పైగా కళాకారులు పాల్గొన్నారు. వారిలో దాదాపు సగం మంది పశ్చిమ దేశాల వారు, సగం మంది ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా, ఓషియానియాల వారు. న్యూయార్క్ ప్రదర్శన చేసిన తప్పును ఆయన ఒక్క నిర్ణయంతో దిద్దాలనుకున్నాడు: వస్తువులను కాక మనుషులను పిలవడం. పాల్గొన్న ప్రతి ఒక్కరూ జీవించి ఉన్నవారే, ప్రతి ఒక్కరికీ పేరుంది. కేటలాగ్‌లో ప్రతి కళాకారుడికీ సమానంగా పేజీలు ఇచ్చి, అతని ఊరు కేంద్రంగా వచ్చేలా ఒక ప్రపంచపటం వేశారు. పారిస్ కేంద్రంగా లోకాన్ని చూసే అలవాటున్న పాఠకుడికి ఆ చిన్న పటాలు పెద్ద పాఠం. ఆ వచ్చినవారిలో చాలామంది తమను కళాకారులుగా ఎన్నడూ అనుకోనివారు. బెనిన్ దేశంలోని అబోమే నుంచి వచ్చిన సిప్రియన్ తోకుదాగ్బా వోదున్ మతపు దేవతల గుళ్లకు గోడబొమ్మలు, విగ్రహాలు చేసేవాడు. పాపువా న్యూగినీ నుంచి వచ్చినవారు తమ క్రతువుల ఇంటికి ఉండే ఎత్తైన చిత్రిత ముఖభాగం నిలబెట్టారు. నేపాల్ నుంచి బౌద్ధ భిక్షువులు ఇసుక మండలం వేశారు. అమెరికా నుంచి నవహో ఇసుక చిత్రకారుడు వచ్చాడు. వీరి పక్కనే లూయీజ్ బూర్జువా, హాన్స్ హాకె, ఇల్యా కబకోవ్ వంటివారు ఉన్నారు.

లా విలెత్ హాలులో ఒక మూల ఈ ప్రదర్శనకు గుర్తుగా చరిత్రలో మిగిలిపోయింది. మధ్య ఆస్ట్రేలియాలోని యూఎండుము నుంచి వచ్చిన వార్ల్‌పిరి ఆదివాసి పురుషులు నేలమీద ఒక పెద్ద చిత్రం పరిచారు. మట్టి, ఎర్రమన్ను, తెల్లసుద్ద, మొక్కల నూగుతో చేసిన వలయాలు, వంకర గీతలు నేలను కప్పాయి. అది ఒక దుంప మొక్క తాలూకు పురాణ ప్రయాణం. ఆదికాలంలో పూర్వీకులు నడిచి నేలను సృష్టించిన దారి. ఆ రూపాన్ని ఎవరు పడితే వారు వేయడానికి వీల్లేదు. తండ్రి వరుసలో హక్కు వచ్చినవారు 'కిర్ద', వారు దాన్ని వేస్తారు. తల్లి వరుసలో సంబంధం ఉన్నవారు 'కుర్దుంగుర్లు', వారు పక్కన ఉండి సరిగా వేస్తున్నారో లేదో చూస్తారు. ఈ నేలచిత్రానికి పైన, వెనక గోడ మీద, ఆంగ్ల కళాకారుడు రిచర్డ్ లాంగ్ తన చేతులతో బురద పులిమి ఒక బ్రహ్మాండమైన వృత్తం వేశాడు. ఫొటోల్లో రెండూ ఒకే ఊపిరిలో కనిపిస్తాయి: రెండూ మట్టే, రెండూ వలయాలే, రెండూ చేతిపనే. కానీ వృత్తం నిలువుగా, చూసేవాడి కళ్లకు ఎదురుగా, గోడంతా ఆక్రమించి ఉంది. నేలచిత్రం దాని పాదాల దగ్గర పరిచి ఉంది. లాంగ్ వృత్తానికి ఆయన చేయి తప్ప ఎవరి అనుమతీ అక్కర్లేదు. వార్ల్‌పిరి వలయానికి వెనక రెండు వంశాల అనుమతి, ఒక పురాణం, ఒక ప్రాంతపు నేల ఉన్నాయి. కంటికి ఒకేలా కనిపించే రెండు పనులు ఒకే రకమైనవా? చూపు ఒక్కటే ప్రమాణమైతే అవుననాలి. ఆ ప్రమాణం చాలదని ఆ మూలే చూపిస్తుంది.

విమర్శ కూడా సరిగ్గా అక్కడే మొదలైంది. విమర్శకుడు బెంజమిన్ బుకలో ప్రదర్శనకు ముందు చేసిన సంభాషణలో, కళాకారులను ఏ ప్రమాణంతో ఎంచుతున్నారని మార్టిన్‌ను గుచ్చి గుచ్చి అడిగాడు. చివరికి తన చూపును, తన సంస్కారాన్నే నమ్ముకున్నానని మార్టిన్ దాచకుండా చెప్పాడు. ఆ నిజాయితీ మెచ్చదగ్గదే. కానీ ప్రపంచంలోని దేవుళ్లందరి మధ్య ఎంపిక పారిస్‌లో ఉన్న ఒక్క జత కళ్లు చేశాయన్న మాట. కరాచీలో పుట్టి లండన్‌లో స్థిరపడిన రషీద్ అరాయీన్ ఇంకా గట్టి దెబ్బ వేశాడు. ఆయన ఆ ప్రదర్శనలో పాల్గొన్న కళాకారుడే. 'థర్డ్ టెక్స్ట్' పత్రిక స్థాపకుడు కూడా. 1989లో ఆ పత్రిక ఈ ప్రదర్శన మీదే ఒక సంచికను కేటాయించింది. పశ్చిమ దేశాల వాడికి ఆలోచన, మిగతా లోకానికి ఆధ్యాత్మికత అని పంచిపెట్టడం పాత వలసపాలన చూపేనని, పశ్చిమేతర దేశాల ఆధునికులను పక్కనబెట్టి సంప్రదాయం అంటిపెట్టుకున్నవారినే ఏరుకున్నారని ఆయన ఆరోపణ. భారతదేశం నుంచి పిలిచినవారిని చూస్తే ఈ ఆరోపణను కొట్టిపారేయలేం. మిథిలా చిత్రకారిణి బౌవా దేవి, వార్లీ చిత్రకారుడు జివ్యా సోమా మషే, గోండు చిత్రకారుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్, జైపూర్ తాంత్రిక చిత్రాల సంప్రదాయం నుంచి వచ్చినవారు ఉన్నారు. వీరందరూ గొప్పవారే. బొంబాయి, బరోడాల ఆధునికుల వరుస మాత్రం అందులో కనిపించదు. భక్తి ఒక జాతి స్వభావం, సందేహం మరో జాతి స్వభావం అని ఎవరైనా గీత గీస్తే, భక్తికీ న్యాయం జరగదు, సందేహానికీ జరగదు.

అయితే విమర్శకుల వాదం కూడా ఒక విషయాన్ని వదిలేసింది. పిలుపందుకుని వచ్చినవారు ఊరికే మోసపోయిన అమాయకులు కారు. ఏది చూపాలో, ఏది దాచాలో నిర్ణయించుకునే పద్ధతి వారి సంప్రదాయాల్లోనే ఉంది. నవహో వైద్యక్రతువులో ఇసుక చిత్రం వేసి, రోగిని దానిమీద కూర్చోబెట్టి, క్రతువు ముగియగానే చెరిపేస్తారు. దేవతలు ఆ చిత్రంలోకి వస్తారని నమ్మకం. బయటివారికి చూపడానికి వేసేటప్పుడు ఒక రంగు మార్చడం, ఒక బొమ్మ వదిలేయడం వంటివి కావాలనే చేస్తారు. చిత్రం అందంగా ఉంటుంది, దేవతకు మాత్రం ఆహ్వానం ఉండదు. ఆస్ట్రేలియా ఎడారిలోని పాపున్యాలో 1971 తర్వాత పలకల మీద వేసిన తొలి చిత్రాల్లో, దీక్ష పొందిన పురుషులే చూడవలసిన గుర్తులు కొన్ని బయటపడ్డాయని ఇరుగుపొరుగు ఆదివాసుల పెద్దలు అభ్యంతరం చెప్పారు. ఆ తర్వాత చిత్రకారులు అలాంటి గుర్తులను వదిలేయడమో, చుక్కల కింద కప్పేయడమో చేశారు. అంటే పవిత్రమైనదానికీ ప్రదర్శనకూ మధ్య గీత గీసింది క్యురేటర్ కాదు, చిత్రకారులే. ఈ సంగతి హెగెల్‌కు తోచలేదు. దైవం వస్తువు నుంచి తనంతట తాను ఆవిరైపోలేదు. దాన్ని ఎప్పుడు పిలవాలో, ఎప్పుడు పిలవకూడదో తెలిసిన మనుషుల చేతిలో ఉంది.

వస్తువుకు బదులు మనిషిని పిలవడం మేలైన మార్గమే అయినా, దానికీ ఒక బరువు ఉంటుందని జన్‌గఢ్ జీవితం చెబుతుంది. ఆయన మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ గ్రామానికి చెందిన పర్ధాన్. పర్ధానులు గోండులకు గాయకులు. బానా వాద్యం మీద పాడుతూ గోండుల దైవం బడాదేవ్‌ను మేల్కొలపడం వారి కులవృత్తి. మన ఆదిలాబాద్ గోండుల మధ్య ఉన్న పర్ధానులు కూడా ఇదే వృత్తి వారు. అక్కడ వాద్యం కిక్రి, దైవం పెర్సపేన్. ఆ దైవం చిహ్నాలను పూజావేళల్లో తప్ప బయటికి తీయకపోవడం ఆచారం. గోండు దేవుళ్లు ప్రధానంగా పాటలో ఉండేవారు, చూడటానికి బొమ్మ ఉండేది కాదు. 1980ల మొదట్లో భోపాల్ భారత్ భవన్ కోసం చిత్రకారుడు జె. స్వామినాథన్ బృందం ఊళ్లు తిరుగుతుండగా జన్‌గఢ్ ఇంటిగోడ మీది బొమ్మ వారి కంటపడింది. భోపాల్ వచ్చాక ఆ యువకుడు పాటలోని దేవుళ్లకు మొదటిసారి రూపం ఇచ్చాడు. ఆ రూపాలు గుడి నుంచి గ్యాలరీకి వచ్చినవి కావు, గ్యాలరీలోనే పుట్టినవి. అక్కడ ఏ పూజావస్తువుకూ అపచారం జరగలేదు. అయినా అప్పు మిగిలింది. పారిస్ తర్వాత ఆయన పేరు దేశాలు దాటింది, పిలుపులు పెరిగాయి. 2001లో జపాన్‌లోని ఒక మ్యూజియంలో ఉండి చిత్రాలు వేస్తున్న కాలంలో, నలభై కూడా నిండకుండానే, ఆత్మహత్య చేసుకున్నాడు. కారణాలను ఒక్క మాటలో తేల్చడం తగదు. ఒక జాతి స్వరాన్ని మోస్తున్న మనిషిని ఆ జాతికి దూరంగా, ఒంటరిగా, పని గడువుల మధ్య ఉంచడం ఎంత బాధ్యతతో కూడినదో ఆ మరణం తర్వాత ఏ క్యురేటరూ తెలియదని చెప్పలేడు.

మార్టిన్ కూడా అదే ప్రశ్న దగ్గర ఆగకుండా నడిచాడు. 1990ల నడుమ పారిస్‌లోని ఆఫ్రికా, ఓషియానియా కళల మ్యూజియాన్ని నడిపాడు. అది 1931 వలస దేశాల ప్రదర్శన కోసం కట్టిన భవనం. తర్వాత జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో మ్యూజియం కున్‌స్ట్ పలాస్ట్ డైరెక్టర్‌గా 2001లో పెట్టిన ప్రదర్శన పేరు 'పూజావేదికలు: మోకరిల్లదగిన కళ'. లోకంలోని అనేక మతాల వేదికలను, వాటిని కొలిచే సంప్రదాయాల వారి సాయంతో పక్కపక్కనే ఏర్పాటు చేశారు. విడి విగ్రహాన్ని చూపడం కాకుండా దీపం, వస్త్రం, నైవేద్యం, ధూపం, పీఠం అన్నీ కలిసిన మొత్తాన్ని చూపడం అందులోని కొత్తదనం. ఈ శీర్షిక హెగెల్‌కు నేరుగా ఇచ్చిన జవాబులా ఉంది. జర్మన్ తత్త్వవేత్త మోకరిల్లడం ఆగిపోయిందన్నాడు. జర్మనీలోనే ఒక మ్యూజియం మోకరిల్లమంది. అయితే ఆ పిలుపు ఎవరికి? టిక్కెట్టు కొని వచ్చిన ప్రేక్షకుడికా, ఆ దైవాన్ని నమ్మేవాడికా? ప్రేక్షకుడు డజన్ల కొద్దీ వేదికల ముందు వరుసగా మోకరిల్లలేడు. ఒక్కో దైవం తనకు పూర్తి శరణాగతి కోరుతుంది. అన్ని దేవుళ్లనూ సమానంగా గౌరవించే చూపు ఏ ఒక్క దేవుడికీ చెందిన చూపు కాదు. ఇది మార్టిన్ లోపం కాదు, ప్రదర్శన అనే పద్ధతికే ఉన్న పరిమితి.

భారతీయ ఆగమాలు ఈ చిక్కును మరో మార్గంలో పరిష్కరిస్తాయి. విగ్రహం రాయిగా ఉన్నంతలో దైవం కాదు; ప్రాణప్రతిష్ఠతో దైవం అవుతుంది. పూజకు ముందు ఆవాహన, తర్వాత ఉద్వాసన ఉన్నాయి. గుడిని బాగుచేయవలసి వస్తే కళాకర్షణ జరిపి, మూలమూర్తిలోని దివ్యకళను కలశంలోకి ఆకర్షించి, తాత్కాలికంగా కట్టిన బాలాలయంలో నిలుపుతారు. యాదగిరిగుట్ట లక్ష్మీనరసింహస్వామి ఆలయం పునర్నిర్మాణంలో ఉన్నప్పుడు, 2016 నుంచి 2022 మార్చిలో మహాకుంభ సంప్రోక్షణ జరిగే దాకా, భక్తుల దర్శనాలు బాలాలయంలోనే సాగాయి. వినాయక చవితికి ఇంటింటా మట్టి గణపతి ఆవాహన, ఉద్వాసన, నిమజ్జనం ఇదే తత్త్వాన్ని చిన్న స్థాయిలో ఆచరిస్తాయి. దైవం వస్తువుకు అంటుకుని ఉండే గుణం కాదు, వచ్చిపోయే సన్నిధి. ఉత్సవమూర్తి ఊరేగింపుకు వెళ్లినట్టే దైవం కదలగలదు. కదలిక వల్ల అపవిత్రత రాదు. క్రతువు లేకుండా, చెప్పకుండా ఎత్తుకెళ్లడం వల్ల వస్తుంది. ఈ దృష్టితో చూస్తే క్యురేటర్‌కు అసలు అడగవలసిన ప్రశ్న 'ఈ వస్తువు ఇంకా పవిత్రమేనా' అన్నది కాదు, 'ఉద్వాసన ఎవరు చెప్పారు' అన్నది.

ఆ ప్రశ్న ఒకసారి లండన్ కోర్టు గుమ్మం ఎక్కింది. తమిళనాడులోని పత్తూరులో శిథిలమైన ఒక చోళకాలపు ఆలయం దగ్గర 1976లో తవ్వకంలో నటరాజ కంచు విగ్రహం బయటపడి, అక్రమ రవాణా దారిలో లండన్ చేరింది. కెనడాకు చెందిన ఒక సంస్థ దాన్ని కొని, శుభ్రపరచడానికి బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చినప్పుడు పోలీసులు స్వాధీనం చేసుకున్నారు. దావాలో ఆలయం కూడా హక్కుదారుగా నిలిచింది. గుడి కూలిపోయి, పూజలు ఆగి శతాబ్దాలు గడిచినా, ఆ ఆలయానికి న్యాయపరమైన వ్యక్తిత్వం ఉందని, అది తన విగ్రహాన్ని అడగగలదని 1988లో ట్రయల్ కోర్టు, 1991లో అప్పీలు కోర్టు అంగీకరించాయి. నటరాజు ఇంటికి వచ్చాడు. మ్యూజియం చూపులో నిర్జీవమైన శిథిలం, న్యాయశాస్త్రం చూపులో నోరున్న వాది అయ్యింది. దైవం ఉందా లేదా అని ఆ కోర్టు తేల్చలేదు, తేల్చవలసిన పనీ లేదు. ఉద్వాసన చెప్పే హక్కు కొన్నవాడిది కాదని మాత్రం తేల్చింది.

భక్తుల పేరిట తిరిగి అడిగిన ప్రతిదీ న్యాయమేనని దీన్నిబట్టి అనుకోకూడదు. 15వ శతాబ్దపు రష్యన్ చిత్రకారుడు అంద్రేయ్ రుబ్ల్యోవ్ వేసిన 'త్రిత్వం' ఐకాన్, అంటే కొయ్యపలక మీది పూజాచిత్రం, 1929 నుంచి మాస్కో త్రెత్యకోవ్ గ్యాలరీలో ఉండేది. 2022లో కొద్ది రోజులు ఒక క్రైస్తవ ఆశ్రమానికి తీసుకెళ్లి తెచ్చాక ఆ సున్నితమైన కొయ్యపలక దెబ్బతిందని సంరక్షకులు గుర్తించారు. అయినా 2023లో రాజ్య నిర్ణయంతో దాన్ని చర్చికి అప్పగించారు. యుద్ధంలో ఉన్న ప్రభుత్వం పవిత్రతను తన అవసరానికి వాడుకుంటున్నదన్న అనుమానం బలంగా వినిపించింది. అహాయూదను శిథిలం కానివ్వమని జూనీలు అడిగింది తమ శాస్త్రం ప్రకారం. 'త్రిత్వం' శిథిలం కావాలని ఏ క్రైస్తవ శాస్త్రమూ కోరలేదు. ఆ ఐకాన్ విషయంలో దాన్ని కాపాడటమే భక్తి; చర్చి చేతిలో ఉన్నా, గ్యాలరీ చేతిలో ఉన్నా ఆ బాధ్యత ఒకటే. పవిత్రతకు హక్కుదారు ఎవరు అన్నదానికి సమాధానం ఒక్కో సంప్రదాయం లోపలి నుంచే రావాలి; ప్రభుత్వం పక్కనుంచి చెప్పే సమాధానం, క్యురేటర్ ఒంటి చూపుతో చెప్పే సమాధానం ఒకే కోవలోకి వస్తాయి.

ఈ చరిత్రను బట్టి మార్టిన్ తరం చేసిన మేలూ, మిగిల్చిన లోటూ స్పష్టంగానే తెలుస్తాయి. అజ్ఞాతంగా ఉన్న చేతులకు పేరు వచ్చింది, వస్తువు వెనక ఉన్న మనిషి ముందుకు వచ్చాడు, అందం కన్నా ముందు అర్థం అడగాలన్న కుమారస్వామి మాటకు మళ్లీ బలం వచ్చింది. ఎంచే అధికారం మాత్రం ఎంచేవాడి దగ్గరే ఉండిపోయింది. ఏది చూపాలో, ఏది దాచాలో, క్రతువు ఎప్పుడు ముగియాలో చెప్పే హక్కు ఆ దైవాన్ని మోస్తున్నవారికి ఇవ్వని ప్రదర్శన, ఎంత భక్తితో చేసినా, అనుమతి లేని చూపే. ఇప్పుడు ఆ హక్కు క్యురేటర్ల మంచితనం మీద ఆధారపడటం తగ్గి చట్టంలోకి రావడం మొదలైంది. ఆదివాసుల సమాధి వస్తువులు, పవిత్ర వస్తువుల వాపసు కోసం అమెరికా 1990లో చేసిన చట్టానికి 2024 జనవరి 12 నుంచి కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం అలాంటి వస్తువును ప్రదర్శించాలంటే సంబంధిత జాతి నుంచి ముందుగా, ఇష్టపూర్వకంగా, అన్నీ తెలిసి ఇచ్చిన సమ్మతి ఉండాలి. ఆ నెలలోనే చికాగోలోని ఫీల్డ్ మ్యూజియం తన అద్దాల పెట్టెలు కొన్నింటిని కప్పేసింది, న్యూయార్క్‌లోని అమెరికన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం రెండు పెద్ద హాళ్లను మూసేసింది.